కొత్త పళ్ళ విందు

అత్తగారికి కొత్త పళ్ళు కట్టించి నెలయింది. ఆ నెలంతా ఆవిడ ఉడికి మెత్తబడినదే తిన్నది తప్ప గట్టి వస్తువు నోట పెట్టలేదు. ఇక ఏదైనా నమలవచ్చని పళ్ళ డాక్టరు చెప్పిన రోజే కూతుళ్ళిద్దరికీ ఫోను చేసి, ఆదివారం మధ్యాహ్నం అందరం బయట భోంచేస్తున్నామని ప్రకటించింది. ఎక్కడో కూడా ఆవిడే తేల్చేసింది. బస్సు స్టాపు ఎదురుగా పాత టైర్ల గోడౌను ఉండేది. దాన్ని ఖాళీ చేసి, నాలుగైదు దేశాల వంటలు కలిపి వడ్డించే హోటలు పెట్టారు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బస్సు కిటికీలోంచి ఆ గాజు తలుపుల వెనక జనం రెండేసి పుల్లలతో పట్టుకుని తినడం చూసి ఆవిడకు మనసైంది.

"అల్లుళ్ళిద్దరూ రావాలి," అన్నదావిడ. "ఒకరొచ్చి ఒకరు మానేస్తే నేను ఇంట్లోనే కూర్చుని గంజి తాగుతాను. పిల్లల్ని మాత్రం తేకండి. వాళ్ళొస్తే నా పళ్ళ సంగతి వదిలేసి వాళ్ళ మూతులు తుడుస్తూ కూర్చుంటారు."

ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ పదండి అంటే కదలడమే గాని, ఎందుకని అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

కబురు అందేసరికి పెద్దల్లుడు ఒక ఫ్రేముకు మర బిగిస్తున్నాడు. అతనికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. చెయ్యి వణకదనీ, మాట తూలదనీ బజారులో పేరు. అలాంటివాడు ఫోనులో భార్యతో, "వాడొస్తే నేను రాను," అనేశాడు.

వాడంటే చిన్నల్లుడు. తోడల్లుళ్ళు వరసకు అన్నదమ్ములే గాని, వీళ్ళిద్దరికీ మాటల్లేక రెండేళ్ళయింది.

చిన్నల్లుడికి డ్రైవింగ్ స్కూలు ఉంది. పెద్దల్లుడికి యాభై ఏళ్ళు దగ్గర పడ్డాక కారు నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. తమ్ముడి వరసవాడు ఇంట్లోనే ఉండగా బయటివాళ్ళ దగ్గరికి పోవడం దేనికని అతని దగ్గరే చేరాడు. రెండో రోజునే కూడలి మధ్యలో బండి ఆగిపోయింది. వెనక సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. చిన్నల్లుడు అలవాటు కొద్దీ అరిచాడు.

"క్లచ్చు! క్లచ్చు తొక్కమంటే కాళ్ళు ముడుచుకుంటావేంటయ్యా! ఇదేమన్నా పడక్కుర్చీ అనుకున్నావా!"

పెద్దల్లుడు తలుపు తీసుకుని నడిరోడ్డు మీద దిగాడు. ఎండలో ఇంటిదాకా నడిచాడు. అక్కడితో ఆగితే ఆ అవమానాన్ని దిగమింగేవాడే. కానీ వారం తిరక్కుండా బంధువులందరిలో ఒక మాట పాకింది. 'ఆయనకు అద్దాలు అమ్మడం వచ్చు గాని, కారు అద్దంలో చూడటం రాదు.' విన్నవాళ్ళు విన్నట్టే నవ్వారు. కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చిన మేనత్త కొడుకు ఆ మాట గుర్తొచ్చి, అక్షరాల పట్టిక ముందు కూర్చుని కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాడు. ఆ రోజు నుంచి పెద్దల్లుడు అత్తారింటికి ఫోను చేసి, చిన్నల్లుడు లేడని రూఢి చేసుకున్నాకే వెళ్ళేవాడు. అక్కచెల్లెళ్ళు ఒకరింటికి ఒకరు దొంగచాటుగా వెళ్ళొచ్చేవాళ్ళు.

"పళ్ళు మా అమ్మవి, పంతం మీది," అన్నది భార్య ఫోనులో. "మా అమ్మ నమలడం చూడటానికి రండి చాలు. అతనితో మాట్లాడమని ఎవరన్నారు? నోట్లో ముద్ద పెట్టుకుని కూర్చోండి."

అలా కూర్చోవడానికే వెళ్ళాడు.

హోటలు లోపల గోడలకు సున్నం కూడా వెయ్యలేదు. ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి. పై నుంచి పొడుగాటి తీగలకు బల్బులు వేలాడుతున్నాయి. బల్లల చుట్టూ ఇనప స్టూళ్ళు ఎత్తుగా ఉంటే, పెద్ద కూతురు ఒక పక్కా చిన్న కూతురు ఒక పక్కా పట్టుకుని తల్లిని ఎక్కించారు. ఆవిడ కాళ్ళు నేలకు అందలేదు. అయినా డబుల్ డెక్కరు పై అంతస్తులో కూర్చున్నంత దర్జాగా నలువైపులా చూసింది.

నల్ల ఏప్రాను కట్టుకున్న అమ్మాయి వచ్చి నవ్వుతూ, "మొదటిసారి వచ్చారా అండీ? మా కాన్సెప్టు చెప్తాను," అన్నది.

"అది తర్వాత చెబుదువు గానీ, ముందు మంచినీళ్ళు తేమ్మా," అన్నది అత్తగారు.

నీళ్ళొచ్చాక కాన్సెప్టు కూడా వచ్చింది. అక్కడ ఎవరి కంచం వాళ్ళకుండదు. అన్నీ అందరూ పంచుకుని తినాలి. ఏ వంట ముందు తయారైతే అది ముందొస్తుంది. పెద్దల్లుడు ఇది విని కళ్ళజోడు సర్దుకున్నాడు. పంచుకోవాలంటే ఇటు జరపమనాలి, అటు అందించమనాలి. చిన్నల్లుడు సరిగ్గా ఎదురుగా కూర్చుని, వంటల కాగితాన్ని సంధిపత్రం చదువుతున్నంత శ్రద్ధగా చదువుతున్నాడు.

అత్తగారు కాగితం చూడలేదు. "గట్టిగా ఉండేది ఒకటి, కరకరలాడేది ఒకటి, సాగేది ఒకటి తే," అని చెప్పింది. "మిగతావి నీ ఇష్టం."

మొదట ఆవిరి కక్కుతున్న బుట్ట వచ్చింది. మూత తీస్తే లోపల పుట్టగొడుగులు కూరిన తెల్లటి పిండి పొట్లాలు నాలుగున్నాయి. తినేవాళ్ళు ఐదుగురు. అత్తగారు ఒకటి, కూతుళ్ళు చెరొకటి తీసుకున్నారు. నాలుగోది బుట్ట మధ్యలో మిగిలింది. చిన్నల్లుడు బుట్టను ఎదుటివైపుకు కాస్త తోశాడు. పెద్దల్లుడు ముట్టకుండా కాస్త వెనక్కి తోశాడు. బుట్ట అలా బల్ల మీద రెండుసార్లు ప్రయాణం చేశాక, ఏప్రాను అమ్మాయి అయిపోయిందనుకుని ఎత్తుకుపోయింది. అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాత వచ్చినవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వేరుశనగ ముద్ద కలిపిన నూడుల్సు, తేనె కారం పూసి వేయించిన కోడి ముక్కలు, రొట్టెలో చుట్టిన చేప, దాని మీద పుల్లటి క్యాబేజీ. చేప మీద పోసిన నల్లటి పులుసుకు ఘాటైన వాసన. అత్తగారు కోడి ముక్కను కొరికి కళ్ళు మూసుకుంది. కరకరమన్న చప్పుడు బల్ల చుట్టూ అందరికీ వినిపించింది.

"వినబడిందా?" అన్నది గర్వంగా. "రెండేళ్ళయింది నా నోట్లోంచి ఈ చప్పుడు విని."

పుల్లలతో ఎవరికీ సరిగ్గా రాలేదు. చిన్న కూతురికి నూడుల్సు జారి ఒళ్ళో పడ్డాయి. అందరి చేతులకూ జిగురు, మూతులకు రసం. తుడుచుకున్న కాగితం రుమాళ్ళు బల్ల మీద చిన్న గుట్టయ్యాయి. ఆఖర్న సాగేది వచ్చింది. బియ్యప్పిండి ముద్దలు ఎర్రటి గుజ్జులో మునిగి, పైన నల్ల నువ్వులు చల్లుకుని ఉన్నాయి. అత్తగారు రెండు తిన్నది. ఇంకోటి తీసుకోబోయి మానేసింది.

ఆ తర్వాత కాసేపు బల్ల దగ్గర ఏదో వెలితిగా అనిపించింది పెద్దల్లుడికి. ఏమిటా అని చూస్తే, అత్తగారు మాట్లాడటం లేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం అతనింతవరకూ నిద్రలో కూడా చూడలేదు. నిద్రలో ఆవిడ స్టాపుల పేర్లు పిలిచేది.

"అత్తయ్యగారూ, ఒంట్లో బాగానే ఉందా?"

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అన్నది. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ అన్నది.

"ఫళ్ళు. కింది ఫళ్ళు ఫోయాయి."

విషయం మెల్లగా బయటపడింది. నువ్వు గింజ ఒకటి పళ్ళ సెట్టు కిందికి దూరి చిగుళ్ళను పొడిచింది. పదిమందిలో ఎందుకని, ఎవరూ చూడకుండా కింది సెట్టు తీసి కాగితం రుమాల్లో చుట్టి కంచం పక్కన పెట్టింది. ముద్ద మింగి, నీళ్ళు తాగి, చెయ్యి చాపేసరికి అక్కడ బల్ల అద్దంలా మెరుస్తున్నది. ఏప్రాను అమ్మాయి గుట్టనంతా ఊడ్చేసి తీసుకుపోయింది.

"చెప్పాలి కదమ్మా!" అన్నది చిన్న కూతురు.

పెద్ద కూతురు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

ఏప్రాను అమ్మాయిని పిలిచి చెప్తే ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. లోపలికి పరిగెత్తి, తెల్ల టోపీ పెట్టుకున్న పెద్ద వంటవాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. చెత్త సంచులు కట్టేసి వెనక సందులో పెట్టేశారట. చెత్తబండి వచ్చే వేళయిందట. వంటింట్లో ఆర్డర్లు గుమ్మందాకా ఉన్నాయి, ఒక్క మనిషిని పంపినా పొయ్యి మీదవి మాడిపోతాయని వంటవాడు చేతులు కట్టుకుని చెప్పాడు.

"మీవాళ్ళొద్దులే నాయనా," అన్నట్టు చెయ్యి ఊపింది అత్తగారు. పరాయివాళ్ళు తన పళ్ళు పట్టుకోవడం ఆవిడకు ఇష్టం లేదు. ఎదురెదురుగా ఉన్న అల్లుళ్ళను వేలితో చూపించి, ఆ వేలిని వెనక తలుపు వైపు తిప్పింది. టికెట్టు లేనివాళ్ళను బస్సు దింపేటప్పుడు కూడా ఆవిడ వేలు అలాగే తిరిగేదట.

"ఇద్దరమా?" అన్నాడు పెద్దల్లుడు.

వేలు దిగలేదు.

వెనక సందు ఇరుగ్గా ఉంది. గోడలోంచి పెద్ద ఫ్యాను వేడిగాలి చిమ్ముతున్నది. గోడ మీద పిల్లి ఒకటి, ఇది తన ఇలాకా అన్నట్టు కదలకుండా చూస్తున్నది. నల్ల సంచులు వరసగా ఉన్నాయి. వంటవాడు ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగులు చేతులకు వేసుకుని, చెరొక సంచీ ముందు చతికిలబడ్డారు. పెద్దల్లుడు ముడి విప్పాడు. ఉల్లితొక్కలు, గుడ్డు పెంకులు, చేపల తలలు, వాటన్నిటి మధ్యా ముద్దలు కట్టిన కాగితం రుమాళ్ళు. ఒక్కొక్కటీ తీసి, వేళ్ళతో నొక్కి చూసి పక్కన పెట్టసాగాడు. ఈ పని అతని చేతికి అలవాటే. చీకట్లో కింద పడ్డ మరను కూడా వేళ్ళతో వెతికి తీస్తాడు.

పక్కన వింత చప్పుడైతే తిరిగి చూశాడు. చిన్నల్లుడు సంచీలోంచి మొహం తీసి గోడకు ఆనించి ఓకరిస్తున్నాడు. కూడలిలో లారీలవాళ్ళను కూడా గొంతుతో అదరగొట్టే మనిషి చేప తలకాయ ముందు నిలవలేకపోయాడు.

"ముక్కుతో కాదు, నోటితో ఊపిరి తీసుకో," అన్నాడు పెద్దల్లుడు. అనేశాక గాని తెలియలేదు, తనే ముందు మాట్లాడానని.

"నా వల్ల కాదు అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు కళ్ళు తుడుచుకుంటూ. "చిన్నప్పట్నుంచీ నాకింతే. మా అమ్మ చేపలు కడిగితే నేను వీధి చివర కూర్చునేవాణ్ణి."

"సరే, నువ్వు ఫోను లైటు పట్టు. నేను చూస్తాను."

లైటు పట్టాడు. పెద్దల్లుడు రెండో సంచీ విప్పాడు.

"ఆ రోజు అరిచినందుకే కదా ఇదంతా?" అన్నాడు చిన్నల్లుడు. "నేను అందర్నీ అరుస్తాను అన్నయ్యా. మా స్కూలుకు పోలీసాయన కూతురొచ్చింది, ఆ పిల్లనీ అరిచాను. అరవకపోతే ఎవర్నో ఒకర్ని గుద్దేస్తారు."

"అరిచినందుకు కాదయ్యా. అరుపు అప్పటికప్పుడు పోతుంది. ఆ మాట కట్టి ఊరంతా చెప్పి నవ్వించావు చూడు, అందుకు."

"ఏ మాట?"

"తెలీనట్టు అడక్కు. అద్దాలు అమ్మడం వచ్చు గాని..."

చిన్నల్లుడు లైటు కిందికి దించాడు. "అది నాదనుకున్నావా? అది అత్తయ్యగారిది!"

పెద్దల్లుడి చెయ్యి సంచీలోనే ఆగిపోయింది.

"ఒట్టు. నువ్వు కారు దిగి వెళ్ళిపోయావని చెప్పడానికి వాళ్ళింటికెళ్ళాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా అనేసింది. అంత మాట కట్టే తెలివి నాకుంటే కార్లు నేర్పుతూ ఎందుకు కూర్చుంటాను?"

"మరి పదిమందికీ చెప్పింది నువ్వే కదా?"

"చెప్పాను," అని ఒప్పుకున్నాడు చిన్నల్లుడు. "నవ్వాను కూడా. బాగుంది మరి. నీకు తగులుతుందని అప్పుడు తట్టలేదు."

పెద్దల్లుడు ఇంకో రుమాలు తీసి నొక్కాడు. ఈ రెండేళ్ళలో కళ్ళజోడు మార్చిన ప్రతిసారీ అత్తగారి ముక్కుకు నొప్పి పుట్టకుండా తనే ఫ్రేము వంచి పెట్టాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా తనే షాపు మూసుకుని తీసుకెళ్ళాడు. ఎవరి మీద కోపం ఎవరి మీద మోశాడో లెక్క వేసుకోబోయేలోగా సందు మొదట్లో గట్టిగా హారన్ మోగింది. చెత్తబండి వచ్చింది. ఇంకా ఒక సంచీ విప్పనే లేదు.

చిన్నల్లుడు ఫోను అతని చేతిలో పెట్టి లేచాడు. సందులో అడ్డంగా నిలబడి, రెండు చేతులూ చాపి అరిచాడు.

"ఆపు! బ్రేకు! హారన్ మీంచి చెయ్యి తీసెయ్! చెయ్యి తియ్యమన్నానా!"

బండివాడు తనకు తెలియకుండానే చెయ్యి తీసేశాడు. బండి ఆగిపోయింది. ఏమిటీ దౌర్జన్యమని అతను అడిగితే, లోపల మా అత్తగారి పళ్ళున్నాయని చిన్నల్లుడు జవాబిచ్చాడు. బండివాడు ఇంజను కట్టేసి దిగి, అతనూ వచ్చి నిలబడి చూశాడు. పెద్దల్లుడు ఆఖరి సంచీని నేల మీద బోర్లించాడు. నాలుగు రుమాళ్ళు నొక్కి అవతల పెట్టాడు. ఐదోది వేళ్ళకు గట్టిగా తగిలింది. విప్పితే చేప పులుసులో నాని, నువ్వు గింజతో సహా అత్తగారి కింది వరస ఉంది.

"దొరికాయా?" అన్నాడు బండివాడు, తన పళ్ళే దొరికినట్టు.

కిందపోసిందంతా ముగ్గురూ కలిసి మళ్ళీ సంచీలోకి ఎత్తారు. చిన్నల్లుడు మొహం పక్కకు తిప్పుకుని, చేతికందింది ఎత్తాడు.

కుళాయి కింద ఎంతసేపు కడిగినా అత్తగారు ఆ పళ్ళను నోట్లో పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. డాక్టరు చేత శుభ్రం చేయిస్తే గాని వద్దన్నది. వంటవాడు వాటిని మూత ఉన్న చిన్న పార్సిలు డబ్బాలో పెట్టి రెండు చేతులతో అందించాడు. ఏప్రాను అమ్మాయి పదోసారి క్షమాపణ చెప్పబోతే, అత్తగారు ఆ పిల్ల చెంప నిమిరి, మెత్తగా ఉండేది ఏముందో తెమ్మన్నట్టు సైగ చేసింది. గిన్నెలో వణుకుతున్న తెల్లటి సోయా పాల గడ్డ వచ్చింది, పైన తీపి అల్లం పాకం. ఆవిడ చెంచాతో తింటూ ఉంటే పెద్దల్లుడు తన స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"అత్తయ్యగారూ. అద్దంలో చూడటం రాదన్న మాట మీరన్నారా?"

అక్కచెల్లెళ్ళు తినడం ఆపారు. అత్తగారు చెంచా నోట్లోంచి తీసి అతని వైపు తిరిగింది. దాచుకోవాలని చూడలేదు.

"అన్నాను బాబూ," అన్నది. కింది పళ్ళు లేక మాటలు గాలి కలిసి వచ్చినా అందరికీ అర్థమయ్యాయి. "బస్సులో రోజుకు అలాంటివి ఎన్నో అనేదాన్ని. జనం దిగే స్టాపు రాగానే మర్చిపోయేవాళ్ళు. మీరు రెండేళ్ళుగా మోస్తున్నారని నాకేం తెలుసు? అడిగితే ఆ రోజే చెప్పేదాన్ని కదా."

"వీడి మీద కోపమొచ్చి అడగలేదు."

"అతనా?" చిన్నల్లుడి వైపు జాలిగా చూసింది. "పాపం, అతనికెక్కడిది అంత మాట!"

చిన్నల్లుడు కోడి ముక్క నోట్లో పెట్టుకుని, అవునన్నట్టు తలూపాడు. పెద్ద కూతురికి మళ్ళీ నవ్వొచ్చింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. పెద్దల్లుడు నవ్వలేదు. ఆ మాట తనకింకా తగులుతూనే ఉంది. కాకపోతే ఇప్పుడది ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. ఒక చేత్తో పళ్ళ డబ్బా పట్టుకుని, ఇంకో చేత్తో వణికే గడ్డను చెంచాకెత్తుకునే ముసలావిడ మీద ఎంతసేపు కోపం నిలుస్తుంది? ఆవిడ ముందున్న గిన్నెను తన వైపు లాక్కుని ఒక చెంచా తిన్నాడు. చల్లగా ఉంది. ఇంకో చెంచా తిని గిన్నెను చిన్నల్లుడి వైపు జరిపాడు.

"తిను. ఇందులో చేప లేదు," అన్నాడు.

మర్నాడు షాపులో ఒకావిడకు కొత్త కళ్ళజోడు పెట్టి చూస్తుంటే, ఆవిడ మొహం కాస్త వెనక్కి తీసుకుంది. పెద్దల్లుడు చేతులు వాసన చూసుకున్నాడు. తొడుగుల్లోంచి దిగిన చేప పులుసు వాసన ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ దగ్గర అలాగే ఉంది. అప్పుడే ఫోను మోగింది. రెండేళ్ళుగా ఆ నంబరు నుంచి కాల్ రాలేదు.

"అన్నయ్యా, నీ చేతులు కూడా ఇంకా కంపు కొడుతున్నాయా? నేను ఒక్క సంచీ చూశాను అంతే. పొద్దున్న స్టీరింగు పట్టుకుంటే మా స్టూడెంటు కిటికీ దించేసింది. నిమ్మకాయ రుద్దాను, సబ్బు రుద్దాను, ఊహూఁ."

"అద్దాలు తుడిచే మందుతో నాకు కొంచెం తగ్గింది."

"పంపిస్తావా?"

"పంపడమేంటి, సాయంత్రం రా. సీసా ఇస్తాను, తీసుకుపో."

"సరే, వస్తా," అన్నాడు చిన్నల్లుడు. ఆ వెంటనే అతను ఎవరి మీదో అరవడం వినిపించి ఫోను ఆగిపోయింది. పెద్దల్లుడు చేతులు మరోసారి తుడుచుకుని, ఎదురుచూస్తున్న ఆవిడ చెవి వెనక ఫ్రేము ఎంత వంచాలో చూశాడు.